సంగ్ఖ్లాబురి వైపు డెత్ రైల్వే ఆనవాళ్ళు ఏమైనా మిగిలాయా?

అందరికీ నమస్కారం అండి, థాయ్‌లాండ్‌లో ఉండేవాళ్ళు గానీ అటు తిరిగొచ్చినవాళ్ళు గానీ ఉంటే కాస్త చెప్పండి. మా తాతయ్య వాళ్ళ అన్న మలయా రబ్బరు తోటల్లో పనికెళ్ళాడు, యుద్ధం టైంలో జపాన్ వాళ్ళు అక్కడి తమిళ, తెలుగు కూలీల్ని కూడా సయాం (థాయ్‌లాండ్)-బర్మా రైలు లైను పనికి, అదే ఈ డెత్ రైల్వేకి, తోలుకెళ్ళారు కదా, ఆ పనిలోనే చనిపోయాడని మా ఇంట్లో అనుకుంటారు. అందుకే కాంచనబురి ప్రావిన్సులో బర్మా బోర్డర్‌ని ఆనుకుని ఉన్న సంగ్ఖ్లాబురి చూడాలని ఉంది.

నేను చదివిందేంటంటే 415 కిలోమీటర్ల లైను 1943 అక్టోబర్‌కి పూర్తయింది, త్రీ పగోడాస్ పాస్ అనే బోర్డర్ కనుమ మీదుగా బర్మాలోకి పోయేది, ఇప్పుడు రైలు మాత్రం నామ్ టోక్ స్టేషన్ దాకే, ఆ పైన పట్టాలు పీకేశారు. తర్వాత 1980లలో ఖ్వే నోయి నది మీద డ్యామ్ కట్టేసరికి పాత సంగ్ఖ్లాబురి ఊరే నీళ్ళలో కలిసిపోయిందట, ఎండాకాలం నీళ్ళు తగ్గితే అక్కడి మోన్ తెగవాళ్ళ పాత గుడి బయటపడుద్ది, పడవలో తీసుకెళ్ళి చూపిస్తారంట. (మన శ్రీశైలం ముంపు ఊళ్ళే గుర్తొచ్చాయి.) మరి పాత ట్రాక్ కట్ట కూడా అలా ఎక్కడైనా తేలుద్దా, లేక మొత్తం నీళ్ళకిందేనా?

మార్చి, ఏప్రిల్‌లో వెళ్తే బెటరా? కాంచనబురి నుంచి వ్యాన్లు దొరుకుతాయా, పొద్దున బయల్దేరితే సాయంత్రానికి తిరిగి రావచ్చా లేక సంగ్ఖ్లాబురిలో ఉన్న చెక్క వంతెన దగ్గరే ఒక రాత్రి ఉండాలా? అమ్మ కూడా వస్తానంటోంది, మోకాళ్ళ నొప్పులు, ఎక్కువ నడవలేదు.