అప్‌డేట్: తక్కువ ఖర్చులో రకరకాల వాచీలు, చివరికి ఏం తీసుకున్నానంటే

తక్కువ ఖర్చుతో, ఒకదానితో ఒకటి పోలిక లేని నాలుగు వాచీలు ఎలా ఎంచుకోవాలని ఇంతకుముందు అడిగాను. బ్రాండ్ కాదు, దేనికి వాడతావో చూసి కొను అని మీలో చాలామంది చెప్పారు. అదే చేశాను.

మొదట క్యాసియో ఎఫ్-91డబ్ల్యూ. 1989 నాటి డిజైన్, బరువు 21 గ్రాములే, బ్యాటరీ దాదాపు 7 ఏళ్లు. రోజూ చేతికి ఇదే. ఈతకు 200 మీటర్ల వాటర్ రెసిస్టెన్స్ (నీటిని తట్టుకునే) రేటింగ్ ఉన్న క్యాసియో డ్యూరో. 30 మీటర్లు అని రాసి ఉన్నవి చినుకులకే తప్ప ఈతకు పనికిరావని మీరు చెప్పకపోతే పొరపాటు చేసేవాణ్ణి.

అసలు ఆనందం మాత్రం సెకండ్‌హ్యాండ్‌లో దొరికిన సీకో 5. లోపల 7ఎస్26 మెషిన్. బ్యాటరీ ఉండదు, చేయి కదులుతుంటే స్ప్రింగ్ చుట్టుకుంటుంది. తీసి పక్కన పెడితే దాదాపు 40 గంటలు నడుస్తుంది. కీ ఇచ్చే వీలు లేదు, ఆగితే మెల్లగా ఊపాలి. మొదటిసారి ఆగినప్పుడు పాడైందేమోనని టెన్షన్ పడ్డాను. వెనక అద్దంలోంచి రోటర్ (చేయి కదిలినప్పుడు తిరిగి స్ప్రింగ్‌ని చుట్టే బరువు ముక్క) తిరగడం చూస్తుంటే ఎంతసేపైనా విసుగు రాదు.

నాలుగోది కొనలేదు. బదులుగా సీకోకి తోలు పట్టీ, నైలాన్ పట్టీ తీసుకున్నాను. పట్టీ మారిస్తే వాచీయే మారినట్టుంది. కొనేముందు పట్టీ బిగించే చోట వెడల్పు కొలవండి. నేను కొలవకుండా తెప్పించిన మొదటిది అసలు పట్టలేదు.