ఏడో నెలలో హెచ్‌సీవీ పాజిటివ్ అన్నారు, బిడ్డకు పాలు ఇవ్వొచ్చా?

దేవరకొండ కోడలు:
అందరికీ నమస్తే. నాకు ఏడో నెల, తొలి కాన్పు. పోయిన వారం రక్త పరీక్షల్లో హెచ్‌సీవీ, అంటే కాలేయానికి పట్టే హెపటైటిస్ సి వైరస్, పాజిటివ్ వచ్చింది. డాక్టరమ్మ ఇంకో పరీక్ష రాసిచ్చింది గానీ బయట లైను చాలా ఉండి ఏమీ అడగలేకపోయాను. ఇంట్లో చెప్పిన రోజు నుంచి మా అత్తమ్మ నా స్టీలు గ్లాసు అడుగున ఎర్ర నెయిల్ పాలిష్ చుక్క పెట్టి వేరుగా ఉంచుతోంది. ఇంట్లో బావగారి పిల్లలు ఉన్నారు, ఆమె భయం ఆమెది, కానీ ఆ గ్లాసుతో తాగుతుంటే నీళ్లు గొంతు దిగట్లేదు. చిన్నప్పుడు మా ఊళ్లో జ్వరమొస్తే ఒకే సూది వేడి నీళ్లలో ముంచి అందరికీ వేసేవాళ్లు, అక్కడే అంటిందేమో. బిడ్డకు వస్తుందా? ఆపరేషన్ చేస్తే రాదంటున్నారు, నిజమేనా? పసరు తాగమని కూడా చెప్తున్నారు. చాలా టెన్షన్‌గా ఉంది.

నల్లగొండ ల్యాబ్ అన్న:
చెల్లీ, ముందు ఆ పరీక్ష కార్డు మీది రెండు గీతలు చూసి భయపడకు. అది యాంటీబాడీ (వైరస్‌తో పోరాడటానికి ఒంట్లో తయారయ్యేది) పరీక్ష, వైరస్ ఎప్పుడో ఒంట్లోకి వచ్చిందనే చెప్తుంది, ఇప్పుడు ఉందో లేదో దానికి తెలియదు. కొందరికి మందు లేకుండానే వైరస్ పోతుంది, అయినా గీత మాత్రం ఏళ్ల తరబడి వస్తూనే ఉంటుంది. డాక్టరమ్మ రాసింది ఆర్‌ఎన్‌ఏ పీసీఆర్ అయి ఉంటుంది, రక్తంలో వైరస్ ఇప్పుడు ఉందా, ఎంత ఉంది అని చూసేది, వైరల్ లోడ్ అంటారు కదా, అదే. అందులో వైరస్ లేదని వస్తే బిడ్డకు అంటేది కూడా ఏమీ లేదు. హెపటైటిస్ బి, హెచ్‌ఐవీ చేయించారో లేదో చూసుకో. బి, సి ఒకటే అనుకుంటారు చాలామంది. బి అయితే పుట్టిన బిడ్డకు వెంటనే టీకా వేస్తారు, సి కి టీకా లేదు.

జడ్చర్ల అమ్మ:
నాకు వైరల్ లోడ్ కూడా వచ్చింది తల్లీ, అందుకే రాస్తున్నా. రక్తంలో వైరస్ ఉన్న తల్లులు వంద మంది అనుకుంటే బిడ్డకు వచ్చేది ఐదారుగురికే, హెచ్‌ఐవీ కూడా ఉంటే కొంచెం ఎక్కువ. ఒక్క దీనికోసం ఆపరేషన్ అవసరం లేదు, నాది మామూలు కాన్పే. పాలు నిశ్చింతగా ఇవ్వు. చనుమొన పగిలి రక్తం వస్తే మాత్రం ఆ వైపు ఆపి, పాలు పిండి పారబోయాలి.

మందు మామూలుగా కాన్పు అయ్యాకే ఇస్తారు, బిడ్డ పాలు తాగుతుంటే ఎప్పుడు మొదలుపెట్టాలో డాక్టరే చెప్తారు. నేను పన్నెండు వారాలు మాత్రలు వేసుకున్నాను, ఇంకో పన్నెండు వారాలకు పరీక్ష చేస్తే వైరస్ లేదు. నూటికి తొంభై అయిదు మందికి పైగా నయమవుతుంది. 2018 జూలై 28న మొదలైన కేంద్ర పథకంలో పరీక్షలు, మందులు ఉచితం, పెద్దాసుపత్రిలో అడుగు.

ఒక్క మాట గుర్తుపెట్టుకో. మా బాబుకు తొమ్మిదో నెలలో ఎవరో కార్డు పరీక్ష చేసి పాజిటివ్ అన్నారు, రెండు రోజులు అన్నం ముట్టలేదు నేను. అవి నా నుంచి వెళ్లిన యాంటీబాడీలే. ఏడాదిన్నర నిండాక చేస్తే నెగటివ్. అంతకుముందే తెలియాలంటే రెండు నెలలు దాటాక పీసీఆర్ చేయించాలి.

మిర్యాలగూడ వదిన:
గ్లాసు, కంచం, ముద్దు పెట్టుకోవడం, వీటితో రాదు. రక్తంతోనే వస్తుంది. బ్లేడు, టూత్‌బ్రష్, గోళ్లు కత్తిరించేది మాత్రం నీవి నీకే. పసరు జోలికి అస్సలు పోవద్దు, కొన్ని ఆకుమందులు ఉన్న కాలేయాన్ని కూడా పాడుచేస్తాయి. అరచేతులు, అరికాళ్లు విపరీతంగా దురద పెడితే ఆగకుండా డాక్టరుకు చూపించు.

దేవరకొండ కోడలు:
పీసీఆర్‌కు రక్తం ఇచ్చాను, శుక్రవారం రిపోర్టు. ఇవన్నీ మా ఆయన అత్తమ్మకు చదివి వినిపించాడు, ఆమె మారు మాట్లాడలేదు, పొద్దున మాత్రం చాయ్ మామూలు గ్లాసులోనే పోసింది. అక్కా, పగిలిన వైపు ఎన్ని రోజులు ఆపాలి?

జడ్చర్ల అమ్మ:
పుండు పూర్తిగా మానేదాకా. అప్పటిదాకా రెండో వైపు ఇస్తూ ఉండు.