బాప్తిస్మం తీసుకుంటే ఉగాదికి పుట్టింటికి పోకూడదా?

పెన్నగట్టు, ప్రొద్దుటూరు
మేం మొగుడూ పెళ్లాం పోయినేడు బాప్తిస్మం తీసుకున్నాం. రెండిండ్లలోనూ మేమే మొదటోళ్లం. యేసయ్య మీద నాకు అనుమానం ఏమీ లేదు. బాధంతా మా సంఘంలో పెట్టే కట్టుబాట్లతోనే. బొట్టు తీసేయమంటే తీసేశా. పూలు మానేయమంటే మానేశా. తర్వాత గాజులు కూడా ఉండకూడదన్నారు. ఒట్టి చేతులు చూసి మా అవ్వ "ఏమే, నీ మొగుడు బతికే ఉండాడు గదనే" అని గడప మీదే కూలబడి ఏడ్చింది. ఆమెకు ఏం చెప్పాల?

ఇప్పుడు ఉగాది వస్తాంది. ప్రతి ఏడూ అన్న పిలుస్తాడు. వదిన ఓళిగలు చేస్తాది. అవ్వ పిల్లల నెత్తికి ఆముదం పెట్టి, కండ్లు మండుతాయని అరుస్తున్నా వినకుండా కుంకుడుకాయ రసంతో రుద్ది పోస్తాది. ఈసారి "అన్యుల పండగ, ఆ గడప తొక్కొద్దు" అంటున్నారు సంఘంలో. బిడ్డకు ఓణీ వేయకూడదంట, మేనమామ చీర తీసుకోకూడదంట. ఉగాది నాడు దేవుని కడప గుడికి ముస్లింలు వస్తారు, వెంకన్న భార్య బీబీ నాంచారమ్మ మా ఆడబిడ్డ అని టెంకాయ కొట్టుకుని పోతారు. దాంతో వాళ్ల మతం పోలేదే! నేను విగ్రహానికి మొక్కుతానని అడగడం లేదు. అన్న ఇంట్లో కూర్చుని అన్నం తినాల, అంతే.

మరియాపురం, కడప
మేం క్యాతలిక్కులం. మా ఇంట్లో ఆడోళ్లు బొట్టుతోనే గుడికి వస్తారు. ఈ తగాదా పాతదేనమ్మా. 1606లో మదురైకి వచ్చిన ఇటలీ ఫాదిరి నోబిలి కాషాయం కట్టి, మాంసం మానేసి సన్యాసిలా బతికాడు. ఆయన దారిలో వచ్చిన చాలా పద్ధతుల్ని 1744లో పోపు నిషేధించాడు. మళ్లీ 1969లో రోమే పూజలో హారతికి, కింద కూర్చోడానికి, చేతులు జోడించి దండం పెట్టడానికి ఒప్పుకుంది. పెద్దలే మార్చుకున్న మాటకు నువ్వు ఇంత కుమిలిపోవద్దు.

పంతులు, జమ్మలమడుగు
తల్లీ, మాది తరాల నాటి మిషన్ కుటుంబం. లండన్ మిషన్ కడపకు వచ్చింది 1822లో. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం తెరిచి చూడు, పాట నెత్తిన రాగం, తాళం అచ్చు వేసి ఉంటాయి. పురుషోత్తమ చౌదరి గారు (1803–1890) క్రీస్తును మన రాగాల్లోనే పాడారు. ఆయన భక్తి తక్కువైందని మీ పాస్టరు అనగలడా?

ఇక వాక్యం. అపొస్తలుల కార్యములు 15 చదువు. అన్యజనులు సున్నతి చేయించుకోవాలా అని యెరూషలేములో పెద్దలు కూర్చుని, అక్కర్లేదని తేల్చారు. విగ్రహాలకు అర్పించినవి, రక్తం, గొంతు పిసికి చంపినవి, జారత్వం, ఇవి మానితే చాలన్నారు. గాజుల ఊసే లేదు. ఒకటో పేతురు 3లో నగల మాట ఉందని ఎత్తుతారు. అది ఆడంబరం సంగతి. సంతలో కొన్న మట్టిగాజులు ఆడంబరం ఎట్లవుతాయి?

తిండి గురించి ఒకటో కొరింథీ 10లో ఉంది. అవిశ్వాసి పిలిస్తే, పోవాలనిపిస్తే పోయి, వడ్డించింది అడక్కుండా తినమన్నాడు పౌలు. ఇది బలి అర్పించినది అని ఎవరన్నా చెప్తేనే తినొద్దన్నాడు. కాబట్టి వదినతో ముందే మాట్లాడు. నైవేద్యం పెట్టినవి పక్కన ఉంచి, మీకు పెనం మీద నుంచి దించిన ఓళిగలు పెట్టమను.

డప్పు, కర్నూలు
పంతులు గారి మాట కరెక్టే. కానీ 'మన సంస్కృతి' అన్నప్పుడల్లా నాకు కడుపు మండుతుంది. మాది మాదిగ పేట. ఊరి జాతరకు మా తాత డప్పు కొట్టి తీరాల, కూలి అడక్కూడదు. చావు కబురు మోయాల, చచ్చిన గొడ్డును లాగాల. బాప్తిస్మం తీసుకున్నాక "ఇంక కొట్టను" అని ఊరి ముందర నిలబడ్డాడు. పనులకు పిలవడం మానేశారు, అయినా కొట్టలేదు. అట్లా వదిలేసిందాన్ని నేను గొప్పగానే చెప్పుకుంటా.

ఇప్పుడు నా కొడుకు క్రిస్మస్‌కు చర్చి ముందర డప్పు కొడతానంటున్నాడు. మా అమ్మ వద్దంటాంది, ఆమెకు అది వెట్టి గుర్తు. నేను కొట్టమంటున్నా, వాణ్ని ఎవరూ పిలిచి నిలబెట్టలేదు కాబట్టి. ఇంట్లో ఇంకా తేలలేదు. పైగా 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవుడికి ఎస్సీ హోదా లేదు, బీసీ-సి కింద ఒక శాతం రిజర్వేషనే. ఊళ్లో మాత్రం మేం ఇప్పటికీ పేటోళ్లమే. అక్కా, గాజులు వేసుకో, అన్న ఇంటికి పో. ఆ పండక్కి మాలాంటోళ్లు వస్తే ఆ ఇంట్లో ఎక్కడ కూర్చోబెడతారో అది కూడా చూడు.

పెన్నగట్టు
గాజులు వేసుకున్నా. వదినకు ఫోన్ చేస్తే "దానికేమే, పెనం మీదివే పెడతాలే" అనింది. సంఘంలో ఏమంటారో ఆదివారం తెలుస్తాది. తమ్ముడూ, నువ్వడిగింది నేనెప్పుడూ ఆలోచించలేదు. మా అన్న ఇంట్లో వేరే గ్లాసులు ఉన్నాయి. ఈసారి దాని గురించి అన్నతో మాట్లాడతా. పంతులు గారూ, ఓణీల పండగ పూజారి లేకుండా ప్రార్థన పెట్టి చేసినోళ్లు మీ ఎరుకలో ఉన్నారా? మేనమామ చీర ఎవరి చేత ఇప్పించారు?