పాత నల్ల సైకిల్‌కి ఓవరాయిలింగా, కొత్తది కొనడమా?

వానచినుకు: 22 అంగుళాల ఫ్రేము ఉన్న పాత నల్ల సైకిల్, రాడ్ బ్రేకులు (తీగలకి బదులు ఇనుప కడ్డీలతో లాగేవి), 28×1½ టైర్లు. రోజూ పోనురాను 12 కిలోమీటర్లు, వానలో కూడా. ఓవరాయిలింగ్ చేయిస్తే నిలుస్తుందా, కొత్తది కొనడమే మేలా?

పానాపెట్టె: ముందు ఫ్రేము చూడండి. హెడ్ ట్యూబుకి (హ్యాండిల్ దిగే ముందు పైపుకి) కింది పైపు అతికే చోట, అడుగు వైపు రంగు ముడతపడి ఉంటే అది గట్టిగా గుద్దుకున్న బండి. దాని మీద రూపాయి కూడా పెట్టొద్దు. ఇంకో పరీక్ష: వెనక ఇరుసు దగ్గర దారం కట్టి, హెడ్ ట్యూబు చుట్టూ తిప్పి, రెండో పక్క ఇరుసు దగ్గరికి తెచ్చి బిగించండి. సీటు పైపుకీ దారానికీ మధ్య సందు రెండు వైపులా ఒకేలా ఉండాలి. లేకపోతే ఫ్రేము వంకరపోయినట్టే.

ఫ్రేము బాగుంటే ఓవరాయిలింగే చేయించండి. పాత బాల్స్ కడిగి మళ్లీ వేయనివ్వొద్దు. ముందు చక్రం హబ్బుకి (ఇరుసు ఉండే నడిమి భాగానికి) 3/16, వెనక హబ్బుకి 1/4 అంగుళం కొత్తవి వేయించండి. కోన్ (ఇరుసు మీద బాల్స్ దొర్లే ముక్క) మీద గుంటలు పడితే కోన్ కూడా మార్చాలి, లేదంటే కొత్త బాల్స్ కూడా త్వరలోనే కరకరమంటాయి. చైన్‌లో 24 లింకులు సరిగ్గా 12 అంగుళాలు రావాలి. 12⅛ వచ్చిందంటే ఫ్రీవీల్ (వెనక పళ్లచక్రం) పళ్లు కూడా అరిగి ఉంటాయి. చైన్ ఒక్కటే మారిస్తే జారుతుంది.

బ్రేకుషూ: అన్నీ సరే, బ్రేకు మాటేమిటండీ? స్టీలు రిమ్ము తడిస్తే రబ్బరు పట్టు చాలా తగ్గిపోతుంది. పోనీ రిమ్ముని రెండు పక్కల నుంచి నొక్కే కాలిపర్ బ్రేకు బిగిద్దామంటే, రాడ్ బ్రేకు రిమ్ముకి చదునైన పక్కలే ఉండవు. వానలో తిరిగేవాళ్లకి అల్యూమినియం రిమ్ములు, వీ బ్రేకులు (ఇవీ పక్కల నుంచి నొక్కేవే) ఉన్న కొత్త సైకిలే క్షేమం.

పానాపెట్టె: తడి సంగతి కాదనను. కానీ రాడ్ బ్రేకు షూ రిమ్ము లోపలి అంచుని పైకి లాగి పట్టుకుంటుంది. అందుకే పక్క ఊపు ఒక్కటే తీస్తే చాలదు, చక్రం ఎత్తుపల్లాలు కూడా తీయాలి. లేకపోతే ఒకచోట పట్టేసి ఇంకోచోట వదిలేస్తుంది. ఇక కొత్తది కొంటే చవకరకం షాక్ ఫోర్కు వద్దే వద్దు. బరువు పెరగడం తప్ప తారు రోడ్డు మీద దానివల్ల ఒరిగేదేమీ లేదు.

గ్రీజుడబ్బా: పాతవాటికి ఎక్కువ నష్టం జరిగేది కాటర్ పిన్ను (పెడల్ క్రాంకుని ఇరుసుకి బిగించే మేకు) దగ్గరే. ముందురోజే కిరసనాయిలు పోసి నాననివ్వాలి. కొట్టేటప్పుడు క్రాంకు కింద మందపాటి ఇనుప గొట్టం నేలకి ఆనించి పెట్టాలి, లేదంటే దెబ్బంతా ఆ ఇరుసు బాల్స్ మీదే పడుతుంది. కొత్త పిన్నుని సుత్తితో దిగ్గొట్టాకే నట్టు బిగించాలి. నట్టుతోనే లాగితే మర చెడిపోతుంది. రెండు పిన్నులూ ఎదురెదురు దిశల్లో పెట్టకపోతే పెడల్స్ ఒక వరసలోకి రావు.

టైరు కొనేటప్పుడు 28 అన్న అంకె ఒక్కటే చూడకండి. మీ రిమ్ముకి 635 (టైరు రిమ్ము మీద కూర్చునే చోట వ్యాసం, మిల్లీమీటర్లలో) కావాలి. 622 రకం మీద కూడా 28 అనే ఉంటుంది, అది మీ రిమ్ముకి ఎక్కదు.

బ్రేకుషూ: వానచినుకు గారూ, చువ్వల రంధ్రాల చుట్టూ రిమ్ము తుప్పు తినేసిందేమో చూశారా? తినేస్తే రెండు రిమ్ములు, 72 చువ్వలు, కట్టుకూలి, పైన టైర్లు, ట్యూబులు. అక్కడ మాత్రం లెక్క కొత్తదాని వైపే మొగ్గుతుంది.