కళాశాల విద్యార్థులకు సువార్త: చిన్న పనులు చాలునా?

ప్రశ్న:
పరీక్షల ముందు కలిసి చదవడం, జ్వరపడిన హాస్టల్ మిత్రుణ్ణి చూసుకోవడం, "నీ కోసం ప్రార్థించవచ్చా?" అని అడగడం వంటి చిన్న పనులే విద్యార్థుల మధ్య క్రీస్తును గూర్చిన మంచి సాక్ష్యమని కొందరు విశ్వాసులు అంటున్నారు. క్రీస్తు పేరే ఎత్తకుండా చేసే మేలు సాక్ష్యమెలా అవుతుంది? ప్రకటించేవాడు లేకుండా ఎలా వింటారని రోమా పత్రిక 10వ అధ్యాయంలో పౌలు అడిగాడు కదా.

స్పందన 1:
నా అభ్యంతరం వేరు. ఇల్లు విడిచి కొత్తగా వచ్చిన విద్యార్థిని ఒంటరితనంలో ఉంటుంది. అప్పుడు అందిన ఆదరణకు బదులుగా తాను నమ్మి తీరాలని ఆమెకు అనిపిస్తే, అది స్నేహం కాదు, ఒత్తిడి.

స్పందన 2:
మీ ఇద్దరినీ బాధిస్తున్నది ఒకటే, ఉద్దేశాన్ని దాచడం. నేను క్రైస్తవుణ్ణని పరిచయమైన రోజుల్లోనే తెలియనిస్తే, ఆ తర్వాత నేను చేసే సాయం వెనుక ఏముందోనన్న అనుమానం మిత్రుడికి ఉండదు. 1951లో బిల్ బ్రైట్ దంపతులు లాస్ ఏంజెలెస్‌లోని విశ్వవిద్యాలయంలో ప్రారంభించిన క్యాంపస్ క్రూసేడ్ అనే విద్యార్థి సువార్త సంస్థ, సువార్తను నాలుగు సూత్రాలుగా చెప్పే చిన్న పుస్తకాన్ని విస్తృతంగా పంచింది. ఆ పద్ధతిలోని సూటిదనాన్ని నేను గౌరవిస్తాను. అయితే నిరపరాధులు ఎందుకు బాధపడతారని అడిగే విద్యార్థికి కొన్ని నిమిషాల్లో జవాబు చెప్పలేము. మార్కు సువార్తలో 16 అధ్యాయాలే ఉన్నాయి. వారానికి ఒకటి చొప్పున ఇద్దరు కలిసి చదివితే ఒక సెమిస్టరులో పూర్తవుతుంది. "ఇది నేను నమ్మలేను" అని చెప్పే స్వేచ్ఛ రెండవ వ్యక్తికి మొదటి వారం నుంచే ఉండాలి. ఏథెన్సులో పౌలు మాటలు విని కొందరు అపహాస్యం చేశారు, కొందరు మళ్ళీ వింటామన్నారు, కొందరు విశ్వసించారు. వద్దన్న మిత్రుడికి మరునాడు కూడా మన నోట్సు అందుతున్నదా లేదా అన్నదే నాకు ముఖ్యం.

స్పందన 1:
తోటి విద్యార్థుల విషయంలో దీన్ని అంగీకరిస్తాను. అధ్యాపకుల విషయంలో అంగీకరించలేను. మార్కులు వేసే వ్యక్తి బైబిలు చదువుదామని పిలిస్తే, ఎంత సాత్వికంగా పిలిచినా, కాదనడం విద్యార్థికి సులభం కాదు. విద్యార్థి తానుగా అడిగితేనే అధ్యాపకుడు తన విశ్వాసం గురించి మాట్లాడాలి. తన నిరీక్షణకు, అంటే దేవునిపై ఉంచిన ఆశకు, కారణం అడిగినవారికి సాత్వికంతో సమాధానమివ్వాలని పేతురు మొదటి పత్రిక 3:15 చెప్పేది కూడా ఆ క్రమాన్నే.