ఫ్లాటు అమ్మేటప్పుడు, కిరాయికి ఇచ్చేటప్పుడు కరెంటు లెక్క చెప్పడం తప్పనిసరి చేయాలా?

నిజాంపేట_నివాసి

హైదరాబాద్‌లో ఫ్లాటు చూడటానికి వెళ్తే ఫేసింగ్ చెప్తారు, వాస్తు చెప్తారు, యూడీఎస్ (మన వాటాకు వచ్చే భూమి) ఎంత వస్తుందో చెప్తారు. పార్కింగ్ ఎక్కడో, మంజీరా నీళ్ళు వస్తాయో లేక బోరేనో అదీ చెప్తారు. ఏప్రిల్ మధ్యాహ్నం మూడింటికి ఆ పడమటి బెడ్‌రూమ్‌లో ఏసీ లేకుండా కూర్చోగలమా, ఎండాకాలంలో నెలకు ఎన్ని యూనిట్లు కాలుతుంది అని అడగండి. ఒక్కరి దగ్గరా జవాబు ఉండదు. దాచిపెట్టి కాదు, ఆ లెక్క ఎవరూ వెయ్యరు కాబట్టి.

సీలింగ్ ఫ్యాన్‌కి 2023 జనవరి నుంచి స్టార్ లేబుల్ తప్పనిసరి. ఫ్రిజ్‌కి ఉంది, ఏసీకి ఉంది. జీవితాంతం ఈఎంఐ కట్టే ఇంటికి మాత్రం లేదు. ఇళ్ళకు కూడా కేంద్ర ఇంధన సామర్థ్య సంస్థ బీఈఈ ఒక లేబుల్ తెచ్చింది, కానీ ఇష్టమున్న బిల్డరే తీసుకుంటాడు. అలాంటిది బయట ఎక్కడ కనిపిస్తుంది?

తెలంగాణ రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) పేజీలో, సేల్ అగ్రిమెంట్‌లో, కిరాయి ప్రకటనలో ఈ సమాచారం ఉండి తీరాలన్నది నా వాదన. 2016లో రెరా చట్టం రాకముందు సూపర్ బిల్టప్ అని, మెట్లు, కారిడార్ల వాటా కూడా కలిపి, ఎవరికి తోచిన లెక్క వాళ్ళు చెప్పేవాళ్ళు. అమ్మేటప్పుడు కార్పెట్ ఏరియా (ఇంటి లోపల వాడుకునే స్థలం) చెప్పాల్సిందే అన్నాక రెండు ఫ్లాట్లను పక్కపక్కన పెట్టి చూసే వీలు వచ్చింది. కరెంటు విషయంలోనూ అదే కావాలి. మీరంతా ఏమంటారు?

సైట్_ఇంజినీర్

అన్నా, మీ ఉద్దేశం మంచిదే కానీ మీరు పట్టుకున్న కొస వేరు. లేబుల్ వచ్చే సమయానికి బిల్డింగ్ పోత అయిపోయి ఉంటుంది. కొల్లూరు నుంచి కోకాపేట దాకా లేస్తున్న టవర్లు చూడండి, ఎక్కువ భాగం అల్యూమినియం ఫార్మ్‌వర్క్, మనం మైవాన్ అనేది. గోడలన్నీ కాంక్రీటే. పని తొందరగా అవుతుంది, గోడ నున్నగా వస్తుంది, అందుకే అందరూ అటే. కానీ పల్చటి కాంక్రీటు గోడ ఇటుక గోడ కంటే చాలా సులువుగా వేడిని లోపలికి పంపుతుంది. గాలి బుడగలుండే తేలికైన ఏఏసీ బ్లాకుతో పోలిస్తే ఆ తేడా ఇంకా ఎక్కువ. ఆ గోడకు బయట ఇన్సులేషన్ గానీ, పడమటి కిటికీల మీద సరైన సజ్జా గానీ లేకపోతే, తర్వాత ఎన్ని స్టార్లు అతికించినా ఆ ఇల్లు చల్లబడదు.

కాబట్టి పర్మిషన్ దగ్గరే పట్టుకోవాలి. 2018 డిసెంబర్‌లో కేంద్రం ఎకో నివాస్ సంహిత అనే ఇళ్ళ ఇంధన పొదుపు కోడ్ తెచ్చింది. గోడలు, కిటికీల గుండా ఇంట్లోకి వచ్చే వేడి చదరపు మీటరుకు 15 వాట్లు దాటకూడదని, పైకప్పు యూ వాల్యూ (వేడిని ఎంత సులువుగా లోపలికి పంపుతుందో చెప్పే అంకె) 1.2 దాటకూడదని అందులో స్పష్టంగా ఉంది. 2022లో ఇంధన పొదుపు చట్టాన్ని సవరించి, 100 కిలోవాట్లు, ఆపైన కనెక్టెడ్ లోడ్ (భవనంలోని పరికరాలన్నిటి మొత్తం సామర్థ్యం) ఉన్న నివాస భవనాలను కూడా కోడ్ కిందికి తెచ్చే దారి వేశారు. రాష్ట్రం ఆ పరిమితిని ఇంకా తగ్గించుకోవచ్చు కూడా. చట్టం ఇంత దూరం వచ్చాక మళ్ళీ కొనేవాడే చూసుకోవాలి అనడం న్యాయం కాదు. ఆఫీసుకు ఎంత దూరం, పిల్లల స్కూలు ఎక్కడ అన్న టెన్షన్‌లో ఉన్నవాడు యూ వాల్యూ చదువుతాడా?

కిరాయి_ఇల్లు

యూ వాల్యూ చదవను అన్నా, కానీ రూపాయలు చదువుతా.

కొనేవాళ్ళ సంగతే మాట్లాడుతున్నారు. కిరాయికి ఉండేవాళ్ళం ఈ ఊళ్ళో తక్కువ మందిమా? నేను టాప్ ఫ్లోర్‌లో ఉంటాను. డాబా మీద వైట్ కోటింగ్ వేయించమని ఓనర్‌ని అడిగితే, "బిల్లు కట్టేది మీరు, నాకేం వస్తుంది" అన్నారు. ఆయన కోణంలో అది తప్పు కూడా కాదు. ఖర్చు ఆయనది, లాభం నాది. ఏసీ కొనుక్కుని వెంట తీసుకుపోయే మేము ఆయన డాబాకు రంగు ఎందుకు వేస్తాం? ఇద్దరిలో ఎవరూ వెయ్యరు.

ఇప్పుడున్న స్లాబులతో లెక్క చూడండి. 200 యూనిట్లు దాటితే మొదటి 200కి యూనిట్ 5.10, తర్వాతి వందకు 7.70, ఆ తర్వాతి వందకు 9 రూపాయలు, ఆపైన 800 దాకా 9.50. అంటే 300 యూనిట్లకు ఎనర్జీ చార్జీ 1,790. 400కి 2,690. 500కి 3,640. కప్పు వేడి వల్ల 300 కాలాల్సిన చోట నెలకు 200 యూనిట్లు ఎక్కువ కాలితే 1,850 రూపాయలు అదనం. ఈ సంగతి ఇల్లు చూసే రోజే తెలిస్తే నేను కిరాయి తగ్గించమని గట్టిగా అడుగుతాను. ఆయనకు కిరాయి తగ్గుతుందంటే అప్పుడు కోటింగ్ గుర్తొస్తుంది. నేను అడిగేది ఇంతే.

చిన్న_బిల్డర్_ఎల్బీనగర్

ఇక్కడ బిల్డర్ తరఫున మాట్లాడేవాళ్ళు ఎవరూ లేరు కాబట్టి చెప్తున్నా. గేటెడ్ కమ్యూనిటీ కట్టేవాళ్ళకు కన్సల్టెంట్లు ఉంటారు, ఐజీబీసీ గ్రీన్ బిల్డింగ్ సర్టిఫికెట్ బ్రోషర్ మీద వేసుకుంటారు. మేము నాలుగు వందల గజాల్లో ఐదు అంతస్తులు కట్టేవాళ్ళం. మాకు ఇంకో సర్టిఫికెట్ అంటే ఇంకో ఫీజు, ఇంకో ఆఫీసు చుట్టూ తిరగడం.

కొనేవాళ్ళు దేనికి డబ్బు పెడతారో నాకు తెలుసు. ఫాల్స్ సీలింగ్‌కి పెడతారు, మెయిన్ డోర్ టేకుదా అని గోకి చూస్తారు. గోడ ఏ బ్లాకుతో కట్టావని అడిగినవాళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టేంత మందే.

ఇంకో మాట. ఒకే ప్లాన్, ఒకే గోడ, ఒకే దిక్కు. రెండో అంతస్తులో 18లో ఏసీ పెట్టుకుని దుప్పటి కప్పుకుంటారు, మూడో అంతస్తులో 26లో పెట్టి ఫ్యాన్ వేసుకుంటారు. బిల్లు రెట్టింపు తేడా. దాన్ని తెచ్చి నా బిల్డింగ్ రేటింగ్ అంటే నేను ఒప్పుకోను.

చిక్కడపల్లి_ఆడిటర్

ఎనర్జీ ఆడిట్ పని చేసి రిటైర్ అయినవాణ్ణి. కొంచెం పొడుగ్గా రాస్తున్నాను, ఓపికగా చదవండి.

బిల్డర్ గారు చెప్పిన అభ్యంతరం చాలా సరైనది. ఇంగ్లండ్‌లో ఇళ్ళకు ఎనర్జీ సర్టిఫికెట్లు 2007 నుంచి ఉన్నాయి. 'E' గ్రేడ్ కంటే తక్కువ ఉన్న ఇంటిని 2018 ఏప్రిల్ నుంచి కొత్తగా కిరాయికి ఇవ్వకూడదు. కానీ ఆ గ్రేడ్ ఇంటి కొలతలు, సామగ్రి చూసి లెక్కగట్టింది. అసలు మీటరు రీడింగుతో అది చాలాసార్లు కలవదని అక్కడి వాళ్ళే అంటారు. న్యూయార్క్ రెండో దారి పట్టింది. 2009లో చట్టం చేసి పెద్ద భవనాలన్నీ ఏటా అసలు వాడకం చెప్పాలన్నారు. తర్వాత ఆ లెక్క నుంచి వచ్చిన గ్రేడ్ అక్షరాన్ని భవనం ద్వారం దగ్గర అంటించాలన్నారు. అక్కడ చెప్పేది భవనం మొత్తానికి, ఫలానా ఫ్లాటు వాళ్ళు ఇంత వాడారని కాదు. ఇది మనకు పనికొచ్చే పద్ధతి. 18లో పెట్టేవాళ్ళూ 26లో పెట్టేవాళ్ళూ యాభై ఇళ్ళ సగటులో సర్దుకుపోతారు. ఖాళీ ఫ్లాట్లను మాత్రం లెక్కలోంచి తీసెయ్యాలి, లేకపోతే సగం ఖాళీగా ఉన్న టవర్‌కి మంచి మార్కులు పడతాయి. మీటర్ల లెక్కలన్నీ కరెంటు పంపిణీ సంస్థ డిస్కం దగ్గరే ఉన్నాయి. సర్వీస్ నంబర్లు బయటపెట్టకుండా అపార్ట్‌మెంట్ మొత్తానికి చదరపు అడుగుకు ఏడాదికి ఎన్ని యూనిట్లో ఇవ్వడానికి కొత్త మీటరేమీ అక్కర్లేదు.

కొత్త భవనానికి మీటరు చరిత్ర ఉండదు. అక్కడ ఇంజినీర్ గారి కోడ్ లెక్క కావాలి. ఆ 15 వాట్ల లెక్క ఎలాగూ వేస్తారు కదా, దాన్ని ఫైల్లో పెట్టి మూసేయకుండా రెరా పేజీలో పెట్టమనండి. ఉమ్మడి రాష్ట్రం 2014 జనవరిలోనే కమర్షియల్ భవనాలకు ఈసీబీసీ అనే ఇంధన పొదుపు కోడ్ తెచ్చింది, 1,000 చదరపు మీటర్ల ప్లాటు గానీ 2,000 చదరపు మీటర్ల నిర్మాణం గానీ దాటితే వర్తిస్తుంది. దేశంలో ముందుగా కదిలినవాళ్ళలో మనం ఉన్నాం. అయినా రాయదుర్గంలో ఆఫీసు తీసుకునే కంపెనీకి ఏ భవనం చదరపు మీటరుకు ఎంత కాలుస్తుందో పోల్చుకునే బోర్డు లేదు. కాగితం మీద పాసైన గ్లాసే గోడకు ఎక్కిందా అని పర్మిషన్ ఇచ్చిన ఆఫీసు మళ్ళీ వచ్చి చూడదు. ఏటా బయటపడే మీటరు లెక్కే ఆ పని చేస్తుంది. అందుకే కోడ్ ముందా సమాచారం ముందా అన్న వాదన నాకు ఎక్కదు. సమాచారం లేని కోడ్‌ని తనిఖీ చేసే నాథుడు ఉండడు.

చిన్న బిల్డర్లకు కన్సల్టెంట్ అక్కర్లేని ఒక పేజీ చాలు. గోడ దేనితో, ఎంత మందం. డాబా మీద ఏం వేశారు. పడమటి వైపు గ్లాసు ఎంత, దానికి సజ్జా ఉందా. తెరిచే కిటికీలు ఎంత. ఇవి మీ మేస్త్రీకి కూడా తెలిసిన సంగతులే.

డాబా గురించి ఒక మాట ఎక్కువే చెప్తాను, ఎందుకంటే ఈ ఊరికి అదే పెద్ద సంగతి. మే రెండో వారంలో మన ఊళ్ళో మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు. అప్పుడు దక్షిణపు గోడ మీద ఎండే పడదు, మొత్తం కప్పు మీదే. ట్రిపుల్ ఐటీ హైదరాబాద్ వాళ్ళు, అమెరికాలోని లారెన్స్ బర్క్‌లీ ల్యాబ్ వాళ్ళు కలిసి ఇక్కడే ఏసీ ఉన్న భవనాల మీద కొలిచి 2011లో ఫలితాలు ప్రచురించారు. నల్లటి కప్పుకు తెల్ల కోటింగ్ వేస్తే చదరపు మీటరుకు ఏడాదికి 20 నుంచి 22 యూనిట్లు, మామూలు కాంక్రీటు కప్పుకు వేస్తే 13 నుంచి 14 యూనిట్లు ఆదా అయ్యాయి. ఇళ్ళలో రోజంతా ఏసీ నడవదు కాబట్టి అంత రాదు. అయినా ఈ అంకె ఎన్ని అపార్ట్‌మెంట్ సంఘాలకు తెలుసు? మన ఊళ్ళో కొలిచింది మన ఓనర్లకే చేరలేదు.

రేకుల_ఇల్లు_బోరబండ

ఆడిటర్ సార్, మీరు చెప్పింది అంతా చదివాను. ఒక సంగతి మిగిలిపోయింది. మీ సగటు లెక్కలో మా గల్లీ మొత్తానికి ఫస్ట్ ర్యాంకు వస్తుంది. మా ఇంట్లో ఫ్యాన్, టీవీ, ఫ్రిజ్. గృహజ్యోతి పథకం కింద 200 యూనిట్ల దాకా జీరో బిల్లు. అంటే మాది మంచి ఇల్లా? మధ్యాహ్నం రేకు కింద నిలబడలేక మా అత్తమ్మ గుడి అరుగు మీదికి పోయి కూర్చుంటుంది. కరెంటు తక్కువ కాలిందంటే ఇల్లు చల్లగా ఉందని కాదు సార్, ఏసీ కొనే స్తోమత లేదని.

పోనీ కూలర్ తెచ్చుకుందామంటే 200 యూనిట్లు దాటుతుందేమో అని భయం. దాటితే ఆ నెల మొత్తం బిల్లు కట్టాలి. మాకు లేబుల్ వద్దు, కప్పు కావాలి. 2023లో తెలంగాణ కూల్ రూఫ్ పాలసీ వచ్చింది. 2028 కల్లా ఒక్క హైదరాబాద్‌లోనే 200 చదరపు కిలోమీటర్లు అన్నారు. తప్పనిసరి ఎవరికి? ప్రభుత్వ భవనాలకు, కమర్షియల్‌కి, 600 గజాలు, ఆ పైన ఉన్న ఇళ్ళకు. మా అరవై గజాల వాళ్ళకు మీ ఇష్టం అన్నారు. మా బస్తీల్లో ఇష్టం ఎవరికి లేదు? డబ్బు లేదు. 2017లో దేవరకొండ బస్తీలో కొన్ని ఇళ్ళ మీద కూల్ రూఫ్ షీట్ పరిచి చూస్తే లోపల సగటున రెండు డిగ్రీలు తగ్గిందని తేలింది. ఆ రెండు డిగ్రీలు మా అత్తమ్మకు పెద్ద సంగతి. దాన్ని అన్ని బస్తీలకు ఎందుకు తీసుకురాలేదో అది అడగండి ముందు.

నిజాంపేట_నివాసి

అక్కా, మీ మాటతో నా ప్రతిపాదన మారుతోంది. యూనిట్లు ఒక్కటే చెప్పడం చాలదు. ఏసీ లేనప్పుడు ఎండాకాలంలో లోపల ఎంత వేడి ఉంటుందన్నది కూడా చెప్పాలి. కప్పు రకం చూసి వార్డు వారీగా అది అంచనా కడితే, కూల్ రూఫ్ డబ్బు ముందు ఎక్కడికి పోవాలో జీహెచ్‌ఎంసీకి కూడా తెలుస్తుంది. రేకుల ఇళ్ళకు మాత్రం తప్పనిసరి అన్న మాట వాడకూడదు, ఉచితంగా వెయ్యాలి. తప్పనిసరి అనే భారం ఓనరు మీద, అమ్మేవాడి మీద ఉండాలి.

కొనేవాళ్ళకు, కిరాయివాళ్ళకు లెక్క చూపించాలన్న మాటలో మాత్రం నేను వెనక్కి తగ్గను. పడమటి గ్లాసు ఎంతో ప్రకటనలో కనిపించే రోజు వస్తే గోడ గురించి అడిగేవాళ్ళు కూడా వస్తారు. కార్పెట్ ఏరియా అడగడం జనం అలాగే నేర్చుకున్నారు.

సైట్_ఇంజినీర్

కోడ్ తప్పనిసరి అయ్యేదాకా ఇదంతా సగం పనే అని ఇప్పటికీ అంటాను. ఆ లెక్కను రెరా పేజీలో పెట్టడానికి మాత్రం నాకు అభ్యంతరం లేదు. సైట్‌లో మేము చెప్పే మాటకు బలం వస్తుంది. "సర్, ఈ అంకె బయటికి కనిపిస్తుంది" అని ఎండీకి చెప్తే సజ్జా కోసం వాదించక్కర్లేదు.

కిరాయి_ఇల్లు

ఒక సందేహం. లిఫ్టు, మోటార్లు, కారిడార్ లైట్లు, ఎస్‌టీపీ (మురుగునీటి శుద్ధి ప్లాంటు), వీటి కరెంటు మెయింటెనెన్స్‌లో కలిపి వసూలు చేస్తారు. మాకు విడిగా ఎప్పుడూ చూపించరు. అది ఈ లెక్కలో వస్తుందా?

చిక్కడపల్లి_ఆడిటర్

రావాలమ్మా. అది వేరే సర్వీస్ కింద ఉంటుంది, బిల్లు నేరుగా సంఘం పేరుకే వస్తుంది. దానికి చట్టం వచ్చేదాకా ఆగే పని లేదు. పోయిన పన్నెండు నెలల కామన్ మీటర్ బిల్లులు నోటీసు బోర్డు మీద పెట్టమని మీ కమిటీని అడగండి. కిరాయిదారులైనా అడగవచ్చు, మెయింటెనెన్స్ కడుతున్నది మీరే కదా. ఫ్లాట్ల సంఖ్యతో భాగించి పక్క అపార్ట్‌మెంట్‌తో పోల్చి చూడండి. తేడా బాగా ఎక్కువగా ఉంటే ముందు నీళ్ళ మోటారు ఎన్ని గంటలు నడుస్తోందో, బేస్‌మెంట్ లైట్లు పగలు కూడా వెలుగుతున్నాయేమో చూడండి. అంకెలు వచ్చాక ఇక్కడ పెట్టండి, ఎక్కడ పోతోందో కలిసి చూద్దాం.