పాత్రో అన్న ఇంటిపేరులో గిన్నె ఉందా?

ప్రశ్న (కాశీనగర్, గజపతి జిల్లా): మాస్టారూ, మా ఇంటిపేరు పాత్రో. బడిలో పిల్లలు మా అబ్బాయిని ‘గిన్నెలవాళ్లు’ అని ఏడిపిస్తున్నారు. మా పూర్వికులు పాత్రలు చేసేవారా?

జవాబు (పర్లాకిమిడి): లేదమ్మా. పాత్ర అనగానే తెలుగువారికి వంటిల్లు తోస్తుంది. ఒడియా వైపు ఈ బిరుదు రాజసభలోది. ఒడిశాను ఏలిన గజపతి రాజుల కొలువులో మంత్రులను, సామంతులను పాత్రులనేవారు. మహాపాత్ర అన్నదీ అలా వచ్చిందే. కృష్ణదేవరాయల కళింగ దండయాత్రను చెప్పే ‘రాయవాచకం’ అనే పాత తెలుగు వచన గ్రంథంలో గజపతి పక్షాన పదహారుగురు పాత్రులుంటారు. రాయల మంత్రి తిమ్మరసు పన్నాగం పన్ని గజపతికి వారి మీదే అనుమానం పుట్టిస్తాడు. అక్కడ గిన్నెలు అనుకుంటే కథే నడవదు!

ఒడియాలో మాట చివరి అకారం ఒకారంలా పలుకుతుంది. అందుకే పాత్ర, పాత్రొ అయింది. మనం దీర్ఘం తీసి పాత్రో అన్నాం. ఉత్తరాంధ్రలో అదే పాత్రుడు. బరంపురానికి చెందిన అన్నెపు పరశురామదాసు పాత్రో 1921లో మద్రాసు ప్రెసిడెన్సీకి విద్యాశాఖ మంత్రి అయ్యారు. ఇంటిపేరులో మంత్రి, కొలువులోనూ మంత్రి! మీ అబ్బాయికి ముందు ఈ సంగతి చెప్పండి.

ఇక అర్థాల సంగతి. ‘పా’ ధాతువుకు తాగడమని అర్థం, తాగేందుకు వాడేది పాత్ర. దేన్నయినా నిలుపుకోగలది కాబట్టి, తగినవాడు కూడా పాత్రుడే: కృపాపాత్రుడు, విశ్వాసపాత్రుడు. రాజు నమ్మకానికి తగినవాడే మంత్రి, ఆ బిరుదు ఇక్కడి నుంచే వచ్చిందని నా అభిప్రాయం. నాటకంలో వేషం పాత్ర. వెనుకటికి నర్తకినీ పాత్ర అనేవారు, పాత్రమేళం అంటే నాట్యబృందం. నాకు అన్నింటికన్నా ఇష్టమైన అర్థం సంస్కృత నిఘంటువు అమరకోశంలో ఉంది: రెండు గట్ల నడుమ ఉన్నది పాత్రం. మరాఠీలో నది పారే చోటును నేటికీ పాత్ర అనే అంటారు. ఆ లెక్కన మీ ఊళ్లో వంశధార ఎండాకాలం ఇసుక తేలినప్పుడు కనిపించేదీ పాత్రే.

ప్రశ్న (గుణుపురం): మరి నాయక్?

జవాబు: అదీ ఇటువంటిదే బాబూ. ఒడిశాలో ఇంటిపేరు, సైన్యంలో లాన్స్ నాయక్‌కు పై హోదా, మన కథల్లో నాయకుడు. ఆ పేరున్నవారంతా ఒకే కులమని ఎవరైనా అంటే నమ్మకండి. ఒడిశాలో అనేక కులాలవారు దాన్ని పెట్టుకున్నారు.